తెర మీద బొగ్గుంది.. బాయి ఏదీ?

తెలుగు సినిమాకు ఈమధ్య బొగ్గు మీద ప్రేమ పుట్టింది. నల్లటి నేల, లేచే దుమ్ము, గుట్టల్లాంటి మట్టి దిబ్బలు, వాటి మధ్య నుంచి నడిచొచ్చే హీరో. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ నేల కింద పని చేసే మనిషి మాత్రం తెర మీద ఇంకా కనిపించలేదు.

మేం సినిమా పండితులం కాదు. టికెట్ కొని, ఈల వేసి, ఇంటర్వెల్‌లో సమోసా తిని వచ్చేవాళ్లం. గోదావరిఖనిలో సినిమా అంటే షిఫ్టును బట్టి చూసేది. పొద్దటి షిఫ్టు దిగినవాళ్లకు ఫస్ట్ షో. రెండో షిఫ్టుకు పోవాల్సినవాళ్లకు మార్నింగ్ షో. నైట్ డ్యూటీ చేసి కునుకు తీసినవాళ్లకు మ్యాట్నీ. అలా చూసిన కొన్ని సినిమాల మీద ఈ నాలుగు మాటలు.

ముందు ‘దసరా’. 2023 మార్చి 30న వచ్చింది. శ్రీకాంత్ ఓదెలకు దర్శకుడిగా మొదటి సినిమా. సింగరేణి పక్కన వీర్లపల్లి అనే కల్పిత ఊరు. నాని మన యాసలో మాట్లాడాడు, మసి పూసుకున్నాడు, ఊర మాస్‌గా ఆడాడు. మేం సంబరపడ్డాం. ఎందుకు పడమూ? 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు నోట మన యాస వినపడితే అది విలన్ యాస. ఆ తర్వాత ఏళ్ల తరబడి అది రౌడీలకు, కమెడియన్లకే రాసిచ్చిన భాష. అది హీరో నోటికి రావడానికి ఇంత కాలం పట్టింది. యాస కోసం ఎంత కొట్లాడామో ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పాలా?

మరి ఆ హీరో ఏం చేస్తాడు? గూడ్సు బండి ఎక్కి బొగ్గు దొంగతనం చేస్తాడు. ఊరి మగవాళ్లు సిల్క్ బార్ చుట్టూ తిరుగుతారు. బొగ్గు ప్రాంతంలో తాగుడు లేదని మేం అనం. దాని గోస ఆడవాళ్లను అడిగితే చెప్తారు. బార్ గడప దగ్గర కాపలా కాసే కులాన్ని చూపించడం కూడా నిజాయితీయే. మా ఫిర్యాదు ఒక్కటే. బొగ్గు దొంగ కనిపించాడు, బొగ్గు తవ్వేవాడు కథలోకి రాలేదు. మస్టర్ పడి, క్యాప్‌ల్యాంప్ పెట్టుకొని, సాయంత్రం ఇంటికి వస్తాడో రాడో తెలియకుండా దిగే మనిషి కథ అది కాదు. బొగ్గు అక్కడ రంగు మాత్రమే.

‘సలార్’ ఇంకో ముచ్చట. 2021 మొదట్లో షూటింగు ఇక్కడే, సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో జరిగింది. ప్రభాస్ వచ్చాడని ఖని అంతా ఒకటే చర్చ. 2023 డిసెంబర్ 22న సినిమా వచ్చింది. చూస్తే కథ అస్సాంలోని తిన్సుకియాకు, ఖాన్సార్ అనే లేని నగరానికి పోయింది. మన ఊరి పేరు లేదు. సినిమా అన్నాక ఒక చోటును ఇంకో చోటుగా చూపిస్తారు, తప్పు పట్టలేం. కానీ ఓపెన్‌కాస్ట్ గుంత దానంతటదే పడదు. దాని కింద ఖాళీ అయిన ఊళ్లుంటాయి, ఇండ్లూ పొలాలూ పోయినవాళ్లుంటారు. కెమెరాకు గుంత లోతు నచ్చింది, ఊళ్ల ఖాళీ కనపడలేదు.

మనవాళ్ల కథలు ఆడవు, అందుకే తీయరు అంటారా? ‘బలగం’ చూడండి. వేణు యెల్దండి తీసిన ఈ సినిమా 2023 మార్చి 3న వచ్చింది. ఫైట్లు లేవు, విలన్ లేడు. ఒక ముసలాయన చావు, పిట్ట ముట్టుడు, అలిగిన అల్లుడు, విడిపోయిన అన్నాచెల్లెలు. ఊరి నడుమ తెర కట్టి జనం సాపలేసుకొని చూశారు, ఏడ్చారు. ఆ సినిమా పాటకు కాసర్ల శ్యామ్‌కు 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీత రచయితగా గుర్తింపు వచ్చింది. సిరిసిల్ల వైపు పల్లెకు దక్కిన న్యాయం బొగ్గు బాయికి ఎందుకు దక్కదు?

కథల కొరతా? 1989లో పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ గనిలోకి నీళ్లొస్తే, జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీర్ బోరు తవ్వించి, ఉక్కు క్యాప్సూల్‌లో తానే దిగి 65 మందిని పైకి తెచ్చాడు. దాని మీద అక్షయ్ కుమార్‌తో ‘మిషన్ రాణిగంజ్’ 2023లో వచ్చింది. అంతకుముందు 1975 చస్నాలా ప్రమాదాన్ని ఆధారం చేసుకొని అమితాబ్‌తో ‘కాలా పత్థర్’ 1979లోనే తీశారు. మరి మన దగ్గర? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది. రాణిగంజ్‌లో మనుషులు బతికి వచ్చారు కాబట్టి సినిమా అయింది, ఇక్కడ రాలేదు కాబట్టి కాలేదు అనుకోవాలా? చస్నాలాలోనూ ఎవరూ బతికి రాలేదు కదా!

కథలు రాసి పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటి కథకులు ఈ నేల బతుకును ఎప్పుడో కాగితం మీదికి తెచ్చారు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన తరం ముసలిదైపోతోంది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ మిగిలారు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపి రాష్ట్రాన్ని కదిలించినవాళ్లు ఒక్కొక్కరే రిటైర్ అవుతున్నారు. వాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే వినాలి. రేపు డిపెండెంట్ ఉద్యోగం కోసం చూసే పిల్లగాడు తన తండ్రి పనిని తెర మీద ఎన్నడూ చూడకుండానే పెరిగితే, బొగ్గు అంటే హీరో ముఖానికి పూసే రంగు అనే అనుకుంటాడు.

మమ్మల్ని పొగడమని అడగడం లేదు. మా తాగుడు చూపించండి, మా లొల్లి చూపించండి, యూనియన్ల కొట్లాట కూడా చూపించండి. కానీ ఒక్కసారి కెమెరా పట్టుకొని బాయి దిగండి. మొదటి ఆటకు టికెట్ కొనే పూచీ మాది.