గ్రంథాలయం - అంకీయ గ్రంథనిధి : ప్రాచ్య విద్యాసంస్థల కర్తవ్యం

గ్రంథాలన్నీ అంతర్జాలంలో లభిస్తున్నప్పుడు ఇక గ్రంథాలయాలతో పనియేమని నేడు విద్యావంతులే కొందరు ప్రశ్నిస్తున్నారు. పైకి సమంజసంగా తోచినా ఈ వాదం పరిశీలనకు నిలిచేది కాదు. గ్రంథాలయ అవసరం తొలగలేదు. దాని కర్తవ్యం మాత్రం మారినది.

ఆంధ్రదేశంలో గ్రంథాలయం ఒక ఉద్యమంగా పెరిగినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలసినవి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. 1918లో వేటపాలెంలో ప్రారంభమైన సారస్వత నికేతనం ఈ ఉద్యమానికి మణిపూస. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేసినారు. ఇతరత్ర దొరకని పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు తరతరాలుగా అక్కడికి వెళ్లుతూనే ఉన్నారు.

గుంటూరు - తెనాలి రైలుమార్గంలోని సంగం జాగర్లమూడి వంటి గ్రామంలో ఉన్న విద్యార్థికి ఒక పాత ముద్రణ కావలసివస్తే, తెనాలిలో బండి మారి, బాపట్ల, చీరాల దాటి వేటపాలెం చేరవలసి వచ్చేది. అక్కడా లేకున్న మద్రాసు ప్రయాణమే గతి. ఆచార్య రాజ్ రెడ్డి ప్రేరణతో 2000 ప్రాంతంలో మొదలైన భారత డిజిటల్ లైబ్రరీ ఈ దూరాన్ని చెరిపివేసినది. వేలకొలది తెలుగు, సంస్కృత గ్రంథాల ఛాయాప్రతులు ఇంటివద్దనే చదువుకొను సదుపాయం కలిగినది. ఈ మేలును తక్కువచేసి చెప్పరాదు.

అయితే ఆ నిధి గతి కూడ గమనింపదగినది. 2017 నాటికి దాని అంతర్జాల స్థలం పాఠకులకు అందకుండ పోయినది. అందలి గ్రంథాలు అనేకం నేడు చదువ వీలగుచున్నవంటే, అవి అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవ్ అను అమెరికా సంస్థ నిధిలోనికి చేరుటయే కారణం. తాటియాకును చెదలు తినుటకు ఏండ్లు పట్టును. అంకీయ ప్రతి అదృశ్యమగుటకు ఒక్క దినం చాలును.

అంతకంటె సూక్ష్మమైన దోషం సూచిలో ఉన్నది. తెలుగు గ్రంథనామాలు రోమను లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క వర్ణక్రమంతో నమోదైనవి. కర్తను వ్యాఖ్యాతగాను, వ్యాఖ్యాతను కర్తగాను చూపిన పట్టులున్నవి. ముఖపత్రం లోపించిన ప్రతులు, పుటలు తప్పిన ప్రతులు తక్కువ కాదు. గ్రంథం ఉండియు దొరకనిచో అది లేనట్లే. ముద్రణ సంవత్సరం తెలియని ప్రతిని ఆధారంగా గైకొని పాఠభేదాలు చర్చించు పరిశోధకుడు, వావిళ్లవారి ముద్రణకు, మరొకరి పునర్ముద్రణకు గల తారతమ్యాన్ని ఎట్లు నిర్ణయించగలడు? పరిష్కరణశాస్త్రానికి ఇది మూలచ్ఛేదం వంటిది.

ఇక్కడనే ప్రాచ్య కళాశాలల అవసరం స్పష్టమగుచున్నది. కర్త ఎవరో, వ్యాఖ్యాత ఎవరో, ముద్రణ ఎన్నవదో పీఠికను, గద్యను చూచి గుర్తింపగలవాడు భాషాప్రవీణుడే. యంత్రం పుటను చిత్రించగలదు; గ్రంథాన్ని ఎరిగినవాడే దానిని సరిగా నమోదు చేయగలడు. కావున భాషాప్రవీణ, విద్యాప్రవీణ విద్యార్థులకు సూచీకరణం అభ్యాసంలో భాగం కావలెను. ప్రతి కళాశాల తన పరిసర గ్రామాలలోని తాళపత్రాలను, పాత ముద్రణలను గుర్తించి, తెలుగు లిపిలో సూచి సిద్ధపరచి, ఛాయాప్రతులను కనీసం రెండు వేర్వేరు స్థలాలలో నిక్షేపింపవలెను.

హక్కుల విషయంలోను వివేకం అవసరం. మన చట్టం ప్రకారం కర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏండ్లు హక్కు నిలుచును. 1950లో గతించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు జీవించియుండగా వెలువడిన రచనలు 2011 ఆరంభంనుండి అందరివి. ఇట్టి వాటిని ముందుగా గైకొన్నచో వివాదమునకు తావుండదు.

ఛాయాప్రతి సిద్ధమైనదని మూలాన్ని తూకానికి వేయుట మాత్రం మహాపరాధం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను, రేపల్లె తీరాన్ని ముంచెత్తిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు. అట్టి నేలపై ఏకైక ప్రతిగా మిగిలిన గ్రంథానికి అంకీయ రూపం రక్ష. ఆ అంకీయ రూపంపై సందేహం కలిగిననాడు మూలగ్రంథమే ప్రమాణం. రెండింటిని కాపాడు భారం గ్రంథాలయానిది, వాటిని ఎరిగి చెప్పు భారం ప్రాచ్య విద్వాంసులది.