సీసామీది పాట

సంగీతము మత్తునకు చెలికత్తె యని మన పెద్దలలో కొందఱకు పాతనమ్మకము కలదు. నాకది లేదు. మేజువాణీలను నిరసించు నుత్సాహములో, ఆ కళను కాపాడిన స్త్రీల విద్యనుగూడ త్రోసివేసిన సంస్కర్తల పొరపాటొక్కటి మనకు చాలును. కావున నా ఆక్షేపణ పాటపై గాదు. పాటను సీసాకు అతికించు వర్తకముపై.

అమెరికాదేశమున చిన్న కార్ఖానాలలో శ్రద్ధతో కాచెడి బీరునకు క్రాఫ్ట్ బీరని పేరు. మొలకెత్తించిన బార్లీ, హాప్స్ పూలు, ఈస్టు, నీరు, వీనితో నానావిధములైన రుచులు కల్పించుట నేర్పుగల పనియే, కాదనను. డెలవేర్ రాష్ట్రమున 1995లో మొదలైన డాగ్‌ఫిష్ హెడ్ అను సంస్థ ఈ నేర్పును సంగీతముతో ముడివేసినది. మైల్స్ డేవిస్ అను జాజ్ విద్వాంసుని ‘బిచెస్ బ్రూ’ రికార్డు 1970లో వెలువడెను. దానికి 40 ఏండ్లు నిండినందుకు 2010లో ఆ పేరుతోనే, ఆ అట్టమీది చిత్రముతోనే, నల్లని బీరు నొకదానిని అమ్మిరి. 2011లో రాబర్ట్ జాన్సన్ అను బ్లూస్ గాయకుని శతజయంతికి మఱియొకటి వచ్చెను. 2013లో గ్రేట్‌ఫుల్ డెడ్ అను గాయకబృందము పేర ‘అమెరికన్ బ్యూటీ’ అను వేఱొకటి వచ్చెను.

ఈ మూడవ సీసాయొద్ద పాఠకులు క్షణము నిలువవలెను. ‘అమెరికన్ బ్యూటీ’ ఆ బృందమువారు 1970లో వెలువరించిన రికార్డు పేరు. అందు పాడినవారిలో పిగ్‌పెన్ అని పేరొందిన రాన్ మెకర్నన్ ఒకడు. అతడు అతిపానముచే శరీరము చెడి, 1973లో, 27 ఏండ్లకే మరణించెను. ఏ మద్యము ఆ గొంతు నణచెనో, ఆ మద్యమునకే ఆ పాటల పేరు పెట్టుట నివాళి యగునా? పాము కఱచి చచ్చినవాని పేర పుట్టలో పాలుపోసినట్లున్నది!

“బీరు తేలికపానము, దానికింత రభస యేల?” అందురు. సాధారణపు బీరులో ఆల్కహాలు నూటికి సుమారు 5 పాళ్లు. మైల్స్ డేవిస్ రికార్డు పేరిటి బీరులో 9. “ఈ కార్ఖానాలు గాయకులకు వేదిక నిచ్చుచున్నవి గదా” అని మఱికొందఱందురు. నిజమే, పాడినవానికి ప్రతిఫలము దొరకుట మేలే. కాని ఆ ప్రతిఫలము అమ్ముడైన గ్లాసుల లెక్కపై ఆధారపడినంతకాలము, ఆ సభకు యజమాని వినువాడు కాడు, త్రాగువాడు.

ఇది పరదేశపు ముచ్చట యని మనము నిశ్చింతగా నుండరాదు. టెలివిజనులో మద్యప్రకటనలను 1994నాటి కేబుల్ నిబంధనలు నిషేధించినవి. మన మద్యవర్తకులు కొందఱు తమ సరకు పేరునే ‘మ్యూజిక్ సీడీల’కు తగిలించి, ఆ సీడీలను ప్రకటించిరి! అక్కడ సీసా పాటపేరును ధరించినది. ఇక్కడ పాట సీసాకు ముసుగైనది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో తిరుగబడిన స్త్రీలు సారాను సారాగానే చూచిరి. చదువుకొన్న మనకు ఆపాటి చూపు కొఱవడవలెనా?

గాయకుని స్మరింపగోరువారు అతని పాటను వినవలెను. బ్రదికియున్నవాడైనచో టిక్కెట్టు కొని వినవలెను. అందులకు సీసా మూత తీయ నక్కఱలేదు.