చిందు కళకు బిరుదులే చాలునా?

2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ లభించినది. ఈ గౌరవము బాన్సువాడ ప్రాంతీయులకు 2005లో దివంగతురాలైన చిందు ఎల్లమ్మను స్ఫురింపజేయును. పొరుగున బోధన్ ప్రాంతపు అమ్దాపూర్‌కు చెందిన ఆమె, పురుషవేషము ధరించి, జాంబపురాణమున బ్రాహ్మణునితో వాదమొనర్చు జాంబవుని పాత్రలో ప్రఖ్యాతి గాంచినది. పాశ్చాత్యుల ఆపెరా గాయనికి నాటకశాల, పెద్ద వాద్యబృందము అండ. చిందు నటికి మద్దెల, తాళముల వంటివే తోడు. పాట, ఆట, అభినయము మూడింటిని ఊరి నడుమ తానే మోయవలెను. ఇట్టి విద్యను విమర్శకులు మెచ్చుట ముదావహమే. కాని ఈ మేళములను తరతరములుగా పోషించినది మాదిగవాడల సంభావన. ఆ ఆధారము సన్నగిల్లిన నేడు, బిరుదు ఒక్కరికి, పస్తు మేళమునకు కారాదు. ఏటేట ప్రదర్శనలు, పిల్లలకు శిక్షణ ఏర్పడిననే ఆ మెప్పు సార్థకము.