ఓటు వేసి ఊరుకుంటే సరిపోదు

విదేశాంగ మంత్రి గారికి,

1997 సెప్టెంబరులో జెరూసలేం బజారులో జరిగిన ఆత్మాహుతి దాడి రమీ ఎల్హానన్ కూతురు స్మదార్‌ను బలి తీసుకుంది. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. 2007 జనవరిలో అనాతాలో, బడి దగ్గర, ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసు పేల్చిన రబ్బరు బుల్లెట్ తలకు తగిలి బస్సామ్ అరామిన్ కూతురు అబీర్ పోయింది. ఆ పాపకు పదేళ్లు. రమీ 1973 యుద్ధంలో ఇజ్రాయెల్ సైనికుడు. పాలస్తీనీయుడైన బస్సామ్ కుర్రతనంలో ఇజ్రాయెల్ జైల్లో ఏడేళ్లు గడిపినవాడు. ఇద్దరూ ఇప్పుడు ఒకే వేదికెక్కి, ఆక్రమణ పోవాలి, చంపుకోవడం ఆగాలి అంటున్నారు.

2023 అక్టోబరు 7న హమాస్ సారథ్యంలో జరిగిన దాడిలో సుమారు 1,200 మంది హతమయ్యారు, 251 మంది బందీలయ్యారు. ఆ తర్వాత గాజాలో మృతులు, అక్కడి ఆరోగ్య శాఖ లెక్కలో, 60 వేలు దాటారు. ఒకటి చూపించి రెండోదాన్ని మాఫీ చేయలేం.

భారత్ 1988లోనే పాలస్తీనాను గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఇద్దరి ఇంటికీ వెళ్లగల చుట్టరికం ఎన్ని దేశాలకుంది? అయినా 2025 జూన్‌లో ఐరాసలో గాజా కాల్పుల విరమణ తీర్మానంపై భారత్ ఓటింగుకు దూరంగా ఉండిపోయింది. సెప్టెంబరులో మాత్రం రెండు దేశాల పరిష్కారానికి మద్దతిచ్చింది. మంచిదే.

ఇక నోరు విప్పాలి. వెస్ట్ బ్యాంక్‌ను రెండుగా చీల్చే ఈ-1 సెటిల్‌మెంట్ వద్దని ఇజ్రాయెల్‌కు, ఆయుధాలు దించమని హమాస్‌కు బాహాటంగా చెప్పాలి. ఇజ్రాయెల్ ఇళ్లలో ముసలివాళ్లను కనిపెట్టుకుని బతుకుతున్న తెలంగాణ వలస కార్మికుల కుటుంబాలకూ ఆ మాట వినిపించాలి.