కలకత్తా అడిగింది, రాజ్‌షాహీ ఇవ్వలేదు

దేశ చరిత్ర యావత్తూ తన భాండాగారంలోనే భద్రంగా ఉంటుందన్న విశ్వాసం ఢిల్లీకి కొత్తగా కలిగినది కాదు. రాజధాని కలకత్తాలో ఉన్న రోజులనుంచీ సంక్రమించిన ఆస్తి అది. 2025–26 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి జ్ఞానభారతం అనే పథకాన్ని ప్రకటించి, కోటికి పైగా చేతివ్రాత ప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, పరిరక్షిస్తామన్నారు. విద్యాసంస్థలు, మ్యూజియములు, గ్రంథాలయాలు, ప్రైవేటు సేకర్తలు ఇందులో పాల్గొంటారనీ అన్నారు. ఆక్షేపించవలసినది ఏమీ లేదు. కాని ఇన్ని దశాబ్దాలుగా చెదలనుంచీ వానలనుంచీ ఆ ప్రతులను, వాటితోపాటు శాసనాలను, శిల్పాలను కాపాడుతూ వచ్చినవారిలో జిల్లా పట్టణాల చరిత్ర పరిశోధక సంఘాలు కూడా ఉన్నాయి. వాటి చేతిలోని సామగ్రిని నమోదు చేసుకోవడంతో ఢిల్లీ ఆగుతుందా, లేక వాటిని బ్రతికించే బాధ్యత కూడా తీసుకుంటుందా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ నేను మన సరిహద్దుకు అవతల ఉన్న రాజ్‌షాహీ కథను మళ్ళీ చదివాను. మన పార్లమెంటు సభ్యులలో కొందరైనా చదవవలసిన కథ.

గంగా కరతోయా నదుల నడిమి ఉత్తర వంగభూమికి వరేంద్ర అని ప్రాచీన నామం. పాలవంశపు రాజుల జన్మభూమిగా సంధ్యాకరనంది తన రామచరితంలో కీర్తించినది ఈ సీమనే. 1910లో దిఘాపతియా జమీందారీ కుటుంబానికి చెందిన కుమార్ శరత్‌కుమార్ రాయ్, రాజ్‌షాహీలో వకీలుగా ఉన్న అక్షయకుమార మైత్రేయ, అక్కడి కాలేజియేట్ స్కూలులో ఉపాధ్యాయుడు రమాప్రసాద్ చందా కలిసి పల్లెలవెంట తిరిగారు. చెరువు గట్లమీద, చెట్ల క్రింద, పొలాలలో పడి ఉన్న విగ్రహాలను పోగుచేశారు. ఆ యేడు సెప్టెంబరులోనే వరేంద్ర అనుసంధాన సమితి ఏర్పడింది. ఒక జమీందారు, ఒక ప్లీడరు, ఒక బడిపంతులు. ఆనాడు ఏ జిల్లా కేంద్రంలోనైనా కనిపించే మనుషులే. అక్షయకుమారుడు అప్పటికే సిరాజుద్దౌలామీద గ్రంథం వ్రాసి, ఇంగ్లీషు చరిత్రకారులు నవాబుకు పూసిన మసిని ప్రశ్నించినవాడు. చరిత్ర వ్రాసేవారి చేతిలోనే ఆధారాలూ ఉండాలన్న పట్టుదల ఆయనకు అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా ఊహ.

సంఘం పుట్టిన మరుసటి సంవత్సరమే పరీక్ష వచ్చింది. 1911లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం, రాజ్‌షాహీలో పోగుపడిన అపురూప శిల్పాలు తనకు చెందాలని కోరింది. సామ్రాజ్య రాజధానిలో పెద్ద భవనం, శిక్షణ పొందిన ఉద్యోగులు, పటిష్ఠమైన పట్టికలు. మొఫస్సిలు పట్టణంలో సొంత భవనమైనా లేని సంఘానికి ఇవన్నీ ఎక్కడివి? పైకి చూస్తే కలకత్తా వాదన అసమంజసం కాదు. సంఘంవారు లొంగలేదు. వంగరాష్ట్ర గవర్నరు లార్డ్ కార్మైకేల్ 1912లో స్వయంగా రాజ్‌షాహీ వచ్చి సేకరణను చూశాడు. ఆ మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో వంగ ప్రభుత్వం ఒక సర్క్యులర్ జారీచేసి, స్థానిక మ్యూజియములు పురావస్తువులను సేకరించి, భద్రపరచి, ప్రదర్శించుకోవచ్చునని అంగీకరించింది. పరాయి ప్రభుత్వం చేసిన పనులలో పొగడదగినవి తక్కువ. ఈ ఒక్క కాగితాన్ని మాత్రం ఆ తక్కువలో చేర్చక తప్పదు. 1919లో సంఘానికి సొంత భవనం సమకూడింది. 1923లో కలకత్తా విశ్వవిద్యాలయంతోనూ పురావస్తు శాఖతోనూ కలిసి పహార్‌పూర్ దిబ్బను త్రవ్వే పనిలో ఈ సంఘం పాలుపంచుకుంది. ధర్మపాలుని సోమపుర మహావిహారం అక్కడ బయటపడింది. 1985లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

తరువాతి చరిత్రను బట్టి చూస్తే 1911 నాటి పట్టుదల విలువ తెలుస్తుంది. 1947లో రాజ్‌షాహీ పాకిస్తానులోకి పోయింది, 1971లో బంగ్లాదేశ్ అయింది. మూడు జెండాలు మారాయి. ఆనాడు ఆ శిల్పాలను బండికెక్కించి కలకత్తాకు పంపి ఉంటే ఈనాడు వరేంద్ర ప్రజలు తమ తాతముత్తాతల కళను చూడడానికి వీసా తీసుకోవలసి వచ్చేది. బౌద్ధ, బ్రాహ్మణ శిల్పాలతో నిండిన ఆ భవనం ఇవాళ ముస్లిములు అధిక సంఖ్యాకులైన దేశంలో ఉన్నది. విభజన తరువాత దానికి గడ్డుకాలం రాకపోలేదు. భవనంలో కొంతభాగంలో వైద్య పాఠశాల నడిచింది, నిర్వహణకు డబ్బు లేకపోయింది. చివరకు 1964లో రాజ్‌షాహీ విశ్వవిద్యాలయం దానిని స్వీకరించింది. సంఘం నిలవలేదు, సేకరణ నిలిచింది. పైగా పుట్టిన నేలమీదనే నిలిచింది.

తెలుగువారికి ఈ విషయం బోధించనక్కరలేదు. అమరావతి స్తూపపు పాలరాళ్ళు లండను కొన్ని, మద్రాసు కొన్ని పోగా, కృష్ణ ఒడ్డున మనకు మిగిలినది ఎంతో పాఠకులకు తెలుసు. ఆ అనుభవం తరువాతనే రాజమహేంద్రవరంలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసింది. భావరాజు వెంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు గార్ల వంటివారు తామ్రశాసనాలను సేకరించి, 1926 నుంచి ఇంగ్లీషు పత్రికలో ప్రకటించారు. తూర్పు చాళుక్యులపై పరిశోధించేవారు నేటికీ ఆ సంపుటాలు తిరగవేయక ముందుకు పోలేరు. హైదరాబాదులో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేరున నడిచిన పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనములు అచ్చువేసింది. నిజాము రాజ్యంలో తెలుగు మాటకే చోటు కరువైన కాలంలో అది సామాన్యమైన సాహసం కాదు. రాళ్ళబండివారి పేర రాజమహేంద్రవరంలో ఇప్పుడు ప్రభుత్వ మ్యూజియం ఉన్నది. మండలి నడిపినవారి ఉత్సాహానికి వారసులు ఎందరున్నారన్నది వేరే మాట.

స్థానిక సంఘాలను నమ్మరాదనే వాదన ఢిల్లీ అధికారుల నోట తరచు వింటుంటాను. కార్యదర్శి కన్నుమూస్తే బీరువా తాళం చెవి ఎవరి దగ్గరున్నదో తెలియదంటారు. కుటుంబ కలహాలలో తాళపత్రాలు పోతాయంటారు. దొంగల భయం సరేసరి. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఈ వాదన చేసేవారు తమ లెక్కను కూడా ఒప్పచెప్పాలి. కేంద్ర రక్షణలో ఉన్న 3,693 కట్టడాలలో 50 కనబడడం లేదని 2022 డిసెంబరులో పార్లమెంటు స్థాయీసంఘానికి సమర్పించిన సమాచారం. వాటిలో 14 పట్టణాల విస్తరణలో అదృశ్యమయ్యాయి, 12 జలాశయాల క్రింద మునిగాయి, మిగిలిన 24 జాడ తెలియడంలేదు. కాపలాదారులు ఉన్నవి 248 చోట్ల మాత్రమే. కనిపించనివాటిలో బారాఖంబా శ్మశానవాటిక ఒకటి. అది ఏ మారుమూల అడవిలోనో లేదు. ఈ ఢిల్లీ నగరంలోనిదే! 2024 మార్చిలో ప్రభుత్వం 18 కట్టడాలను రక్షిత జాబితానుంచి తొలగించే ఉత్తర్వు వెలువరించింది. పోయినదాన్ని వెదకడంకన్న జాబితా సవరించడం సులభం మరి.

ఊరిలో ఒక సంఘం ఉండి, నెలకొకసారి నలుగురు కూడి, ఆ సమాధి దగ్గరకు నడిచివెళ్ళి వచ్చే అలవాటు ఉన్నట్లయితే ఇన్ని మాయం కావు. శాఖవారి కాపలాకూ ఊరివారి కాపలాకూ ఉన్న తేడా అదే. జీతమిచ్చి నియమించిన మనిషి బదిలీ అవుతాడు. ఊరి బడిపంతులు అవడు, అయినా పక్క ఊరికే.

కాబట్టి జ్ఞానభారతం నిధులలో కొంత భాగాన్ని జిల్లా సంఘాలకు వార్షిక గ్రాంటుగా ఇవ్వడం న్యాయం. సొమ్ము పెద్దది కానక్కరలేదు: పైకప్పు మరమ్మతుకు, ఒక గుమస్తా జీతానికి, పట్టిక అచ్చుకు చాలినంత. లెక్కలు ఏటా తనిఖీ చేయవచ్చు. ప్రతుల ఛాయాచిత్రాలు ఢిల్లీకి రావాలి, మూలప్రతులు పుట్టినచోట ఉండాలి. సంఘం మూతపడిన పక్షంలో సేకరణ ఆ జిల్లాలోని కళాశాలకో విశ్వవిద్యాలయానికో చెందేటట్లు ముందుగానే వ్రాసుకోవాలి. రాజ్‌షాహీలో 1964లో జరిగినది ఇటువంటిదే.

సంస్కృతి శాఖ పద్దులు ఎక్కువ సంవత్సరాలలో చర్చకు నోచుకోక, సమావేశాల చివరి ఘడియలలో గిలటిన్ క్రింద ఆమోదం పొందుతుంటాయి. గ్యాలరీలో కూర్చున్న మాకు అది నిమిషాల పని. ఈ మారు ఆ గడియారం ముల్లు చేరకముందే గోదావరి జిల్లాల సభ్యులెవరైనా లేచి, రాజమహేంద్రవరం వంటి చోట్ల ఉన్న సంఘాలకు ఈ పథకంలో ఎంత కేటాయించారని అడిగితే, మంత్రిగారు వ్రాతపూర్వకంగానైనా సమాధానం చెప్పవలసి వస్తుంది.