వలిసెలపై నేల యీ యుపేక్ష?

మన వంటయిండ్లలో కాగు నూనెలో సగమునకు మించిన భాగము నేటికిని విదేశములనుండి యోడలమీద వచ్చుచున్నది. విదేశీ వస్త్రమును వీథులలో దహించిన జాతి విదేశీ తైలముతో గారెలు వండుకొనుచు దానిని గూర్చి చింతింపకుండుట వింతగ లేదా? 2022వ సంవత్సరము ఫిబ్రవరిలో యుక్రెయిను యుద్ధము చెలరేగి ప్రొద్దుతిరుగుడు నూనె రాక చిక్కుపడెను. ఏప్రిలు 28న ఇండొనీషియా ప్రభుత్వము పామాయిలు ఎగుమతిని నిషేధించెను. మే 23న నిషేధము తొలగినది గాని, ఆ వారములలో మన గృహిణులకు తెలిసివచ్చినంత యర్థశాస్త్రము ఏ కళాశాలలోను నేర్పబడదు.

ప్రభుత్వము కన్నులు మూసికొని యున్నదనుట న్యాయము కాదు. పామాయిలు సాగుకై 2021లో 11,040 కోట్ల రూపాయల పథకమును, ఇతర నూనెగింజలకై 2024 అక్టోబరులో 10,103 కోట్ల పథకమును మంజూరు చేసినది. పెదవేగిలో ఆయిలుపాముకు ప్రత్యేక పరిశోధనాసంస్థయే కలదు. మా కోరుకొండ మెట్టలలో నీరున్న రైతు ఆ చెట్టును నాటుకొనుట మంచిదే. కాని అది వేసవి యంతయు నీరు కోరునది. బోరుబావికి నోచుకొనని కొండవాలున దానిని నాటుమని చెప్పగలవా రెవ్వరు? అట్టి నేలకు తగిన పైరు మన మన్యమున తరతరములుగ నున్నది. వలిసెలు దాని పేరు; వెర్రినువ్వు లనియు నందురు. ఆ 'వెర్రి' యను మాటయే దాని కపకారము చేసినదేమో!

అబిసీనియా దాని పుట్టినిల్లు. ఆ దేశస్థులకు అది ప్రధానమైన వంటనూనె. మనయెడ పాడేరు, అరకు ప్రాంతముల గిరిజనులు వానకాలపు మలిభాగమున దీనిని చల్లుదురు. రాతినేలయైనను, సారము తరిగిన నేలయైనను మొలచును, ఎరువు కోరదు, పశువులు దానిని మేయవు గనుక కంచె యక్కరలేదు. మూడు, మూడున్నర నెలలలో పంట చేతికి వచ్చును. గింజలో నూటికి 35 మొదలు 40 పాళ్లు నూనె. ఆ నూనె వంటకును, సబ్బులకును, రంగులకును పనికివచ్చును. పిండి పశువులకు బలమైన దాణా. తన పుప్పొడితో తాను గింజకట్టలేని జాతి యగుటచే తేనెటీగలే దీనికి పురోహితులు. పొలముప్రక్కన తేనెపెట్టె నుంచిన రైతునకు తేనెయు దక్కును, గింజయు హెచ్చును.

మనము నిర్లక్ష్యము చేసిన యీ గింజను అమెరికావారు కొని, కలుపువిత్తనములు చచ్చునట్లు వేడిచేయించి, తమ పెరటి పిట్టలకు మేత పెట్టుచున్నారు. మనవారో, అరకులోయకు పోయి పసుపుపచ్చని పూలలో నిలువబడి ఛాయాచిత్రములు తీసికొని వచ్చుచున్నారు. పూవునకు రుసుము చెల్లించువారు గలరు. నూనెసీసా కావలెనని యడుగువారు లేరు.

ప్రతిపక్షవాదమును దాచుట మా వృత్తికి తగదు. దేశమున హెక్టారునకు సగటు దిగుబడి మూడు క్వింటాళ్ల ప్రాంతమే. నూనె త్వరగా కనరెక్కును. ఇవి నిజమైన లోపములే. అయినను, మంచి విత్తనము నందీయక, వరుసలలో విత్తుట నేర్పక, దిగుబడి తక్కువయని పైరును నిందించుట, బడికి పంపని బాలునికి చదువు రాదనుట వంటిది. 1980 ప్రాంతమున దేశమందు ఆరు లక్షల హెక్టారులకు చేరువగా నుండిన సాగు నేడు అందు మూడవవంతునకైనను నిలువలేదు. 2024 నాటి పథకము ముఖ్యముగ పేర్కొన్నవి ఆవాలు, వేరుసెనగ, సోయా, ప్రొద్దుతిరుగుడు, నువ్వులు. వలిసె కా పంక్తిలో విస్తరి వేయలేదు.

మద్దతుధర లేదా యందురా? ఉన్నది. 2025–26కు క్వింటాలునకు 9,537 రూపాయలు. కాని సంతలో ఆ ధరకు కొనువాడు లేనిచో అది అమలుజరుపు దిక్కులేని డిక్రీ. ఇట్టి డిక్రీలను చేతబట్టుకొని తిరుగు కక్షిదారులను మేము నిత్యము చూచుచునే యున్నాము.

1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ యున్నది. తేనెను, కాఫీని కొని అమ్మిన యనుభవము దానికి గలదు. అది పంటకాలమున మన్యపు సంతలలో కాటా పెట్టి, మద్దతుధరను తెలుగున పలకపై వ్రాయించి, గింజ కొనవలెను. 1922 ఆగష్టు 22న అల్లూరి సీతారామరాజు ముట్టడించిన చింతపల్లియందు నేడు వ్యవసాయ పరిశోధనాకేంద్రమున్నది; మేలైన విత్తనము నచ్చటినుండి ఊరూరికిని పంపవలెను. కొండదిగువ పట్టణములలో చిన్న గానుగలు నడపువారికి ఋణము నీయవలెను. ఇక రాజమహేంద్రవరపు పఠనాలయములలో నీ పత్రికను చదువు పెద్దలు, వచ్చు కార్తికమున అరకు యాత్ర చేయునపుడు, ఛాయాచిత్రముతోబాటు రెండుశేర్ల నూనె యడిగి చూతురుగాక.