రేడియేషన్‌కు లోహకణాల తోడు

తెలుగు కార్మిక కుటుంబాలెన్నో స్థిరపడిన ఉక్కు నగరం భిలాయిలోనూ క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ప్రధాన ఆశ. దానికి ఇప్పుడు లోహం తోడవుతోంది. బంగారం, హాఫ్నియం వంటి బరువైన మూలకాల నానోకణాలను కణితిలోకి పంపితే, అవి ఎక్స్‌రేలను అధికంగా గ్రహించి ఎలక్ట్రాన్లను వెలువరిస్తాయి. కిరణాల ప్రభావం కణితిలోనే పెరుగుతుంది.

2004 నాటి ప్రయోగంలో బంగారు కణాలతో పాటు ఎక్స్‌రేలు పొందిన ఎలుకల్లో 86 శాతం ఏడాది బతికాయి. ఎక్స్‌రేలు మాత్రమే పొందినవాటిలో 20 శాతమే. మనుషుల్లో ఫలితం ఇంత ఘనంగా లేదు. మృదుకణజాల సార్కోమాపై 2019లో వెలువడిన అధ్యయనంలో, హాఫ్నియం ఆక్సైడ్ కణాలు తోడైనప్పుడు 16 శాతం మందిలో, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పుడు 8 శాతం మందిలో కణితి దాదాపు పూర్తిగా నశించింది.

నానోకణం రేడియేషన్‌కు తోడే గానీ ప్రత్యామ్నాయం కాదు. భిలాయి నుంచి రాయపూర్ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రానికి వారాల తరబడి తిరిగే రోగికి ముందు కావలసింది సకాలంలో రోగ నిర్ధారణ, మధ్యలో ఆగని చికిత్స. ఆ పునాది లేనిచోట కొత్త విజ్ఞానం వార్తగానే మిగిలిపోతుంది.